లెరోయికా సైకిల్ మార్గం

లెరోయికా ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, సియెనా ప్రావిన్స్ కొండల మీదుగా సాగే 209 కిలోమీటర్ల సైకిల్ మార్గం. గయోలే ఇన్ కియాంటి అనే చిన్న ఊళ్లో మొదలై, సియెనా, మోంటల్చీనో, ఆషానోల మీదుగా చుట్టు తిరిగి మళ్లీ అక్కడికే చేరుతుంది. ఇందులో దాదాపు సగం తారు వేయని తెల్ల కంకర రోడ్డు. ఏటా అక్టోబరులో జరిగే పాత సైకిళ్ల యాత్రకూ ఇదే పేరు. మార్చిలో జరిగే ప్రసిద్ధ వృత్తి క్రీడాకారుల పందెం స్ట్రాడె బియాంకె కూడా ఈ యాత్ర నుంచి పుట్టిందే. కోటలనూ చర్చిలనూ కాపాడుకోవడం ఇటలీకి కొత్త కాదు. మట్టిదారి కూడా వారసత్వ సంపదేనన్న వాదన సైకిళ్ల వల్ల జనంలోకి వెళ్లడం ఈ మార్గం ప్రత్యేకత.

తెల్లదారుల నేపథ్యం

ఈ ప్రాంతంలో శతాబ్దాలపాటు సగపాలు సేద్యం నడిచింది. భూమి, ఇల్లు ఆసామివి. కష్టం రైతు కుటుంబానిది. పంట చెరి సగం. ఊళ్లో అందరూ ఒకచోట కాపురం ఉండే పద్ధతి కాకుండా, సాగుచేసే పొలంలోనే, తరచు ఒక దిబ్బ మీద, ఒక్కో కుటుంబానికి ఒక్కో రాతి ఇల్లు ఉండేది. ప్రతి ఇంటికీ బండి వెళ్లే బాట కావాలి. అందుకే కొండల మీద ఇన్ని దారులు అల్లుకున్నాయి. స్థానికంగా దొరికే సున్నపురాయి కంకరతో వేయడం వల్ల వాటికి ఆ తెల్లని రంగు వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధం తరవాత పల్లెలు ఖాళీ అవుతూ వచ్చాయి. 1964లో ఇటలీ ప్రభుత్వం కొత్తగా సగపాలు ఒప్పందాలు రాసుకోవడాన్ని చట్టంతో నిషేధించింది. మనుషులు పట్నం పోయిన చోట రోడ్డు బాగుచేసే అవసరమూ తగ్గింది. అలా తారు పడకుండా మిగిలిన దారులకు 20వ శతాబ్దం చివర్లో ముప్పు వచ్చింది. పర్యాటకం, వైన్ వ్యాపారం పెరిగి, తారు వేయాలన్న ఒత్తిడి మొదలైంది.

ప్రారంభం

సైక్లింగ్ అభిమాని జాన్‌కార్లో బ్రోచ్చి 1997లో గయోలే నుంచి మొదటి లెరోయికాను నడిపించాడు. మొదటి ఏడాది పాల్గొన్నవారు వందమంది లోపే. తరవాతి కాలంలో ఆ సంఖ్య వేలకు చేరింది. పాతకాలపు సైక్లింగ్ కష్టాన్ని గుర్తుచేయడం ఒక ఉద్దేశమైతే, తెల్లదారులను తారు నుంచి కాపాడడం రెండోది. దేశదేశాల సైక్లిస్టులు ఆ కంకర కోసమే రావడంతో, వెనకబాటుతనానికి గుర్తుగా కనిపించిన రోడ్డు ఊరి ఆస్తిగా మారింది. మార్గం పొడవునా శాశ్వత సూచిక బోర్డులు వెలిశాయి.

అక్టోబరు యాత్రలో 1987లో గాని అంతకు ముందు గాని తయారైన రేసు సైకిళ్లకే అనుమతి. గేరు మార్చే మీటలు హ్యాండిల్ దగ్గర కాక ఫ్రేము కింది గొట్టానికి ఉండాలి. పెడళ్లకు పాదాన్ని పట్టి ఉంచే లోహపు కొక్కెం, తోలు పట్టీ తప్పనిసరి. బ్రేకు తీగలు హ్యాండిల్ చుట్టిన పట్టీ లోపలి నుంచి కాకుండా బయట నుంచే సాగాలి. చాలామంది ఉన్ని జెర్సీలు తొడిగి, స్పేర్ టైరును భుజాల మీదుగా చుట్టుకుని వస్తారు. విడిది కేంద్రాల్లో ఎండు రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూరలు వేసి కాచే రిబొల్లీటా సూపు, ఆలివ్ నూనె పోసిన రొట్టె ముక్కలు, కియాంటి వైన్ వడ్డిస్తారు.

మార్గ స్వరూపం

కియాంటి: గయోలే, రాడ్డా, కాస్టెల్లీనా ఊళ్లు మధ్యయుగంలో ఫ్లోరెన్స్ పక్షాన కియాంటి కూటమిగా ఉండేవి. నల్లకోడి దాని చిహ్నం. నేటికీ కియాంటి క్లాసికో వైన్ సీసాల మీద కనిపించేది ఆ కోడే. 1716లో మెడిచి వంశపు పాలకుడు మూడో కోసిమో ఈ వైన్ ప్రాంతానికి హద్దులు నిర్ణయించాడు. గయోలే దాటాక వచ్చే బ్రోలియో కోట రికాసోలి వంశానిది. ఐక్య ఇటలీ రెండో ప్రధాని బెట్టీనో రికాసోలి కియాంటి వైన్‌కు ద్రాక్ష రకాల పాళ్లు కుదిర్చింది ఇక్కడే. కోటకు ఎక్కే తెల్లదారికి ఇరువైపులా సైప్రస్ చెట్లుంటాయి. యాత్ర రోజు తెల్లవారకముందే బయలుదేరేవారి కోసం ఆ దారి పొడవునా దీపాలు పెడతారు.

సియెనా: ఫ్లోరెన్స్‌కు ఈ నగరం చిరకాల ప్రత్యర్థి. 1260 సెప్టెంబరు 4న మోంటాపెర్తి దగ్గర ఫ్లోరెన్స్ సేనను ఓడించింది. ఈ నగర కేంద్రాన్ని యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పియాజ్జా డెల్ కాంపో చౌకులోని పురపాలక భవనంలో అంబ్రోజో లోరెంజెట్టి 1338-39లో గీసిన కుడ్యచిత్రాలున్నాయి. మంచి పాలన ఉంటే పల్లె ఎలా ఉంటుందో చూపించే చిత్రంలో కొండలు, ద్రాక్షతోటలు, కోట గుమ్మం నుంచి దిగే దారి కనిపిస్తాయి. ఆ దారిన ప్రభువులు గుర్రాల మీద ఊరు దాటుతుంటే, ఒక రైతు నడుముకు తెల్ల చారున్న పందిని తోలుకుంటూ ఊళ్లోకి వస్తుంటాడు. భయం లేకుండా నడవగల దారే సుపరిపాలనకు గుర్తన్నది చిత్రం సారాంశం.

వాల్ డోర్చా: దక్షిణాన మార్గం మోంటల్చీనో కొండ ఎక్కుతుంది. 1361లో కట్టిన ఇక్కడి కోటలో, 1555లో సియెనా లొంగిపోయాక అక్కడి పౌరులు కొందరు తలదాచుకుని 1559 వరకు తమ గణతంత్రాన్ని నిలబెట్టారు. ఈ ఊరు బ్రునెల్లో వైన్‌కు పుట్టిల్లు. ఈ కొండకు చేరువలోని బువోన్‌కొన్వెంటోలో పవిత్ర రోమన్ చక్రవర్తి ఏడో హెన్రీ 1313లో మరణించాడు. 2004లో వాల్ డోర్చా లోయకు ప్రపంచ వారసత్వ హోదా లభించింది.

క్రెటె సెనేసి: ఆషానో చుట్టూ ఉన్న ఈ నేల ఒకప్పటి సముద్రగర్భపు బంకమట్టి. వానకు కోసుకుపోయి బోడి గుట్టలు, లోతైన గండ్లు ఏర్పడ్డాయి. చెట్ల నీడ తక్కువ. మోంటె సాంటె మరియె అనే 11.5 కిలోమీటర్ల కంకర భాగం మార్గంలోకెల్లా కష్టమైనవాటిలో ఒకటి. ఆషానో పరిసరాల్లోనే 1313లో స్థాపించిన మోంటె ఒలివెటో మజ్జోరె మఠం ఉంది.

స్ట్రాడె బియాంకె పందెం

యాత్రకు వచ్చిన పేరు చూసి, 2007 అక్టోబరు 9న ఇవే దారుల మీద వృత్తి క్రీడాకారుల పందెం పెట్టారు. రష్యాకు చెందిన అలెగ్జాండర్ కొలొబ్నెవ్ మొదటి విజేత. మరుసటి ఏడాది నుంచి దీన్ని మార్చికి మార్చారు. 2015లో మొదలైన మహిళల పందెంలో తొలి గెలుపు అమెరికా క్రీడాకారిణి మేగన్ గార్నియర్‌ది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫాబియన్ కాంచెలారా 2008, 2012, 2016లలో నెగ్గాడు. మోంటె సాంటె మరియె భాగానికి అతని పేరు పెట్టారు. స్లొవేనియాకు చెందిన తదేయ్ పొగాచర్ 2022, 2024, 2025లలో గెలిచాడు. 2024లో చివరి 81 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కాడు.

పందెం పియాజ్జా డెల్ కాంపోలో ముగుస్తుంది. దానికి ముందు వచ్చే సాంతా కతెరీనా వీధి రెండు పక్కలా ఎత్తైన ఇళ్ల మధ్య, రాతిపలకల మీద 16 శాతం వాలుతో నిటారుగా లేస్తుంది. వాన, బురద మధ్య సాగిన 2018 పందెంలో బెల్జియంకు చెందిన వౌట్ వాన్ ఆర్ట్ ఈ ఎత్తులోనే సత్తువ చాలక పడిపోయాడు. లేచి, సైకిల్‌ను కొంత దూరం నడిపించుకుని, మళ్లీ ఎక్కి మూడో స్థానంలో చేరాడు.

తొక్కేవారికి

మార్గంలో పెద్ద పర్వతం లేదు. ఎడతెగని ఎత్తుపల్లాల వల్ల మొత్తం ఎక్కుడు మాత్రం 3,000 మీటర్లు దాటుతుంది. ఎండలో తెల్లదారి దుమ్ము రేపుతుంది. చక్రాలు తిరిగే చోట గట్టిపడి, అంచుల్లోనూ మలుపుల్లోనూ వదులు కంకర పోగవుతుంది. దిగుడులో గట్టి గాడిని పట్టుకుని, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. మలుపులో బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది. వాన పడితే బంకమట్టి టైరుకూ బ్రేకుకూ మధ్య పేరుకుంటుంది. 30 మిల్లీమీటర్లకు తగ్గని వెడల్పు టైర్లు, తేలికైన గేర్లు, రెండు స్పేర్ ట్యూబులు అవసరం. ఏప్రిల్ నుంచి జూన్ వరకు, తిరిగి సెప్టెంబరు, అక్టోబరు నెలలు అనుకూలం. క్రెటె సెనేసిలో ఊళ్లు దూరదూరంగా ఉంటాయి కనుక ఆషానోలో నీళ్లు నింపుకోవడం మంచిది. అలవాటున్నవారు ఒక్క రోజులో ముగించినా, సాధారణ సైక్లిస్టుకు రెండు మూడు రోజులు కావాలి. పాత సైకిల్ నియమం అక్టోబరు యాత్రకు మాత్రమే. మిగతా రోజుల్లో ఏ సైకిల్ మీదైనా, బోర్డులు చూసుకుంటూ ఈ దారిన వెళ్లవచ్చు.