హాలోవీన్: ఆ రాత్రి ఎక్కడ పుట్టింది?

అక్టోబరు 31 దగ్గరపడగానే అమెరికాలోని మన తెలుగు కుటుంబాల్లో పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "నేనూ వేషం వేసుకోవచ్చా?" జవాబు చెప్పేముందు ఆ రాత్రి చరిత్ర తెలుసుకోవడం మంచిది.

ఐర్లాండు, స్కాట్లాండు దేశాల్లోని కెల్టిక్ ప్రజలు పంటకాలం ముగిసి చలికాలం మొదలయ్యే దినాన్ని 'సౌయిన్' అనేవారు. పండుగ ముందురోజు సాయంత్రమే ఆరంభమయ్యేది. మేతభూముల నుండి పశువులను ఇంటికి తోలుకొచ్చేవారు. మంటలు వేసేవారు. ఆ రాత్రి అదృశ్యలోకపు తలుపులు తెరుచుకుంటాయని ఐరిష్ గాథలు చెబుతాయి. అయితే ఆ గాథలను వ్రాసిపెట్టినది మధ్యయుగపు క్రైస్తవ సన్యాసులే. అంతకుముందటి పూజావిధానాలకు ఆధారాలు బహు స్వల్పం. కనుక "ఇది సాతాను ఆరాధనగా పుట్టింది" అని ప్రసంగ వేదికపై నుండి చెప్పడం సత్యానికి న్యాయం చేయదు.

పేరు మాత్రం సంఘం ఇచ్చినదే. 'హాలో' అంటే పాత ఇంగ్లీషులో పరిశుద్ధుడు. నవంబరు 1న జరిగే సకల పరిశుద్ధుల పండుగకు ముందటి సాయంత్రమే హాలోవీన్. 9వ శతాబ్దంలో ఈ పండుగ పశ్చిమ ఐరోపాలో వ్యాపించింది. మరునాడు, నవంబరు 2, మృతుల స్మరణదినం. మన ఊళ్లలో సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ ఆ దినానిదే. 1517లో మార్టిన్ లూథర్ తన 95 వాదాంశాలను ఆర్చిబిషప్పుకు పంపుతూ వ్రాసిన ఉత్తరంపై ఉన్న తేదీ కూడా అక్టోబరు 31.

ఇంగ్లండులో పేదలు, పిల్లలు ఇంటింటికీ వెళ్లి, మృతుల కొరకు ప్రార్థిస్తామని చెప్పి చిన్న రొట్టెలు పుచ్చుకునేవారు. స్కాట్లాండు పిల్లలు వేషాలు వేసుకుని, ఒక పాటో పద్యమో వినిపించి ఆపిల్ పండ్లు, గింజలు సంపాదించేవారు. టర్నిప్ దుంపలను తొలిచి దీపాలు చేసేవారు. 19వ శతాబ్దంలో, విశేషంగా 1840ల కరవు తరువాత, లక్షలాది ఐరిష్ వారు అమెరికా చేరారు. అక్కడ దుంప స్థానంలోకి గుమ్మడికాయ వచ్చింది.

పిల్లవానికి ఆ రాత్రి మాయ దెయ్యాలలో లేదు. మామూలుగా భయపెట్టే చీకట్లో తండ్రి చెయ్యి పట్టుకుని నడవడం, తట్టిన ప్రతి తలుపూ తెరుచుకోవడం, వాడికి అదే అద్భుతం.

మృతుల యొద్ద విచారణ చేయుటను ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం స్పష్టంగా నిషేధిస్తుంది. అందులో రాజీ లేదు. అయితే మిఠాయి కోసం తలుపు తట్టడం, మృతులను విచారించడం ఒకటి కావు. వెళ్లాలో వద్దో ప్రతి కుటుంబం మనస్సాక్షితో ప్రార్థించి నిర్ణయించుకోవచ్చు. పిల్లలను వద్దన్నా అబద్ధంతో భయపెట్టవద్దు. పెద్దయ్యాక వారే చరిత్ర చదువుకుంటారు. ఈ విషయంలో మనం నిజం చెప్పలేదని తెలిస్తే, మనం చెప్పిన సువార్తను కూడా సందేహిస్తారు.