దంతపురం - అలెగ్జాండ్రియా: కళింగతీరపు మధ్యధరా సంబంధాలపై ఒక పరిశీలన

కోటబొమ్మాళి మండలంలోని జర్జంగి చరిత్రకారులకు జిర్జింగి తామ్రశాసనం ద్వారా పరిచితమైన ఊరు. గాంగరాజు ఇంద్రవర్మ గాంగశకం 39వ సంవత్సరంలో దంతపురం నుంచి ఈ దానశాసనాన్ని ఇచ్చాడు. క్రీ.శ. 498ని శకారంభంగా తీసుకుంటే ఇది సుమారు 537. ఆ దంతపురం ఎక్కడిదన్న ప్రశ్న శ్రీకాకుళం జిల్లాను దాటి మధ్యధరా తీరం దాకా వెళుతుంది.

క్రీ.శ. 1వ శతాబ్దిలో రోమన్ రచయిత ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’లో కళింగులను ప్రస్తావించాడు. గంగాముఖం నుంచి కళింగ అగ్రానికి, దండగుడ అనే పట్టణానికి 625 రోమన్ మైళ్ళని లెక్క చెప్పాడు. దండగుడ అంటే దంతపురమేనన్న అభిప్రాయం విద్వాంసులలో చాలాకాలంగా ఉంది. సరుబుజ్జిలి మండలం రొట్టవలస దగ్గరి మట్టికోటను, స్థానికులు దంతవక్త్రుని కోట అనేదాన్ని, ఆ నగరంగా గుర్తించడం ఇక్కడ పరిపాటి. అయితే 625 రోమన్ మైళ్ళంటే దాదాపు 925 కిలోమీటర్లు. గంగాముఖం నుంచి తీరం వెంబడి అంత దూరం వస్తే వంశధార వెనకబడిపోయి గోదావరి ముఖం దగ్గరవుతుంది. కన్నింగ్‌హామ్ 1871లో దంతపురాన్ని రాజమహేంద్రవరం దగ్గర వెదకడం ఈ దృష్టితో చూస్తే అకారణం కాదు. సిల్వెయిన్ లెవీ మరో దారి పట్టాడు. అలెగ్జాండ్రియాలో పనిచేసిన టోలెమీ 2వ శతాబ్దిలో పేర్కొన్న పలౌర పట్టణం పేరులో ద్రావిడ భాషల ‘పల్’ (దంతం), ‘ఊర్’ ఉన్నాయనీ, దంతపురం దాని సంస్కృతీకరణమనీ వాదించాడు. గంజాం ప్రాంతంలో పాలూరు నేటికీ ఉంది. తెలుగు పన్ను, పళ్ళు రూపాలను ఎరిగినవారికి ఈ వాదం ఆకర్షణీయమే. కాని ధ్వనిసామ్యం ఒక్కటే స్థలనిర్ణయానికి చాలదు. ఇంద్రవర్మ శాసనం టెక్కలి ప్రాంతంలోని గ్రామదానానికి సంబంధించినది కనుక, వంశధారా పరిసరాల పక్షమే బలమైనదనిపిస్తుంది. అప్పుడు ప్లినీ లెక్కను నావికుల అంచనాగా వదిలిపెట్టక తప్పదు.

నావికులు నిజంగా ఇక్కడికి వచ్చారా? ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’ మసాలియా సన్నని నూలుబట్టలను చెప్పి, అఖాతం దాటించి, దంతానికి పేరుపడ్డ దొసరెనెకు తీసుకుపోతుంది. మధ్యనున్న కళింగం పేరు అందులో లేదు.

గ్రంథాలు మౌనం వహించినచోట కంచాలు మాట్లాడతాయి. వంశధార దక్షిణపు గట్టున ఉన్న శాలిహుండంలో రౌలెటెడ్ మృణ్మయ పాత్రల పెంకులు దొరికాయి. ఇవి లోపలికి వంగిన అంచు, నున్నని పూత, అడుగున చక్రంతో అద్దిన చుక్కల వలయాలు గల పల్చని వెడల్పు పళ్ళేలు. 1945లో అరికమేడును తవ్విన వీలర్ ఈ అలంకరణ మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చిందని భావించాడు. దాంతో పెంకు దొరికిన ప్రతి తీరగ్రామమూ రోమన్ రేవైపోయింది. 1983లో విమలా బెగ్లీ అరికమేడు ఆధారాలను తిరిగి పరిశీలించారు. తరువాతి మట్టి విశ్లేషణలు కూడా ఈ పాత్రలు భారతదేశపు తయారీయేనని తేల్చాయి. అంటే శాలిహుండం పళ్ళెం రోమన్ల రాకకు సాక్ష్యం కాదు. తూర్పుతీరపు రేవుల మధ్య సాగిన రాకపోకలకు సాక్ష్యం. స్థానిక చరిత్ర రచనల్లో పాత వాక్యమే ఇంకా పునరావృతమవుతుండడం విచారకరం.

ప్రయాణం ఎదురుదిశలోనూ జరిగింది. ఈజిప్టులోని ఎర్రసముద్రపు రేవు బెరెనికేలో ఇవే పళ్ళేల పెంకులు లభించాయి. అక్కడి సెరాపిస్ ఆలయంలో ఏడున్నర కిలోల మిరియాలున్న భారతీయ జాడీ బయటపడింది. మిరియాలు అలెగ్జాండ్రియా మీదుగా రోమ్ వంటిళ్ళకు పోయే సరుకు. కాని అదే త్రవ్వకాల్లో వరిగింజలు, పెసలు, కొబ్బరి చిప్పలు కూడా కనిపించాయి. వీటిని అక్కడ నివసించిన భారతీయుల భోజన అవశేషాలుగా పరిశోధకులు భావిస్తున్నారు. పరాయి రేవులో సొంత అన్నం వండుకొన్న ఆ మనుషులు ఏ తీరంవారో గింజలు చెప్పవు.

శాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి. ముఖలింగమే కళింగనగరమని శాసనాల ఆధారంగా నిరూపించినవారూ ఆయనే. దంతపురం విషయంలో అటువంటి శాసనాధారం రొట్టవలసలో ఇంకా లభించవలసి ఉంది.