గోధుమ కథకుడు ఫ్రాంక్ నారిస్

అమెరికా పశ్చిమతీరమున, కాలిఫోర్నియా రాష్ట్రమునందలి శాన్ వాకీన్ లోయలో మస్సెల్ స్లూ అను ప్రాంతము కలదు. ప్రభుత్వము రైలుమార్గ నిర్మాణమునకై దత్తము చేసిన భూములను ఎకరము 2.50 డాలర్లు మొదలుకొని విక్రయింతుమని సదరన్ పసిఫిక్ రైలుసంస్థ ప్రకటింపగా, ఆ మాట నమ్మి వచ్చిన కృషీవలులు ఎండిన నేలకు కాలువలు త్రవ్వి నీరు తెచ్చి, దానిని సస్యశ్యామలము గావించిరి. తీరా విక్రయసమయము వచ్చునప్పటికి సంస్థ 17 మొదలు 40 డాలర్ల వరకు కోరెను. తమ శ్రమచేతనే పెరిగిన వెలను తామే చెల్లింపవలసివచ్చుట వారికి దుస్సహమాయెను. న్యాయస్థానమును సంస్థ పక్షమే వహించెను. 1880 మే 11వ తేదీన భూమి స్వాధీనము విషయమై కాల్పులు జరిగి ఏడుగురు మరణించిరి.

ఈ ఘటనను పిమ్మట నవలగా మలచిన ఫ్రాంక్ నారిస్ ఆనాటికి పదేండ్ల బాలుడు. 1870లో చికాగోలో జన్మించి, పారిస్‌లో చిత్రకళ నభ్యసించి, పిమ్మట బర్కిలీలో చదువుకొనిన యీ యువకుడు, మానవుడు వంశపారంపర్యమునకును పరిసరములకును లోబడిన ప్రాణియే యను ఫ్రెంచి నవలాకారుడు జోలా సిద్ధాంతమును మనసార స్వీకరించెను. శాన్‌ఫ్రాన్సిస్కోలోని పోల్క్ వీధి దంతవైద్యుని పతనమును వర్ణించిన ‘మెక్టీగ్’ 1899లో వెలువడెను. ఆ యేడే యొక ధాన్యపుగింజ చరిత్రను మూడు నవలలుగా వ్రాయ సంకల్పించి, హాలిస్టర్ సమీపమునందలి క్షేత్రములో కోతలను కన్నులార చూచెను. ఇరువదేండ్లనాటి మస్సెల్ స్లూ నెత్తుటి కథయు, రైలుసంస్థ దశదిశల సాచిన బాహువులును 1901లో ‘ది ఆక్టోపస్’ అయినవి. చికాగో ధాన్యవిపణిలో గోధుమనంతయు చేజిక్కించుకొనజూచిన జోసెఫ్ లీటర్ ఉదంతము ‘ది పిట్’ నవలకు మూలమాయెను. అది గ్రంథముగా ముద్రితమగుటకు ముందే, 1902 అక్టోబరులో, ముప్పదిరెండేండ్లకే ఆయన మృతినొందెను. మూడవ నవల ‘ది వుల్ఫ్’ వ్రాయబడనే లేదు. తన రచనకే తీరిక చాలని కాలమునను, అప్పటికి అజ్ఞాతుడైన నవలాకారుడు డ్రైజర్ ‘సిస్టర్ క్యారీ’ వ్రాతప్రతిని చదివి, దానిని ప్రచురింపవలెనని తాను పనిచేయు ప్రచురణసంస్థతో గట్టిగా వాదించినవాడు నారిసే. ఈ ఔదార్యము నాకాయన గ్రంథములంత ప్రియము.

‘ది ఆక్టోపస్’ ముగింపు మనల నేరుగా తాకును. రైలుసంస్థకు ప్రతినిధియై రైతుల నుసురు పోసికొనిన బెర్మన్, ఓడ గర్భములో ధారగా పడు గోధుమల క్రింద ఊపిరాడక చచ్చును; ఆ ఓడ క్షామపీడితమైన హిందూదేశమునకే బయలుదేరును. వ్యక్తులు నశించినను గోధుమ నిలిచి, ఆకలిగొన్న వేలమందిని పోషించునని రచయిత ఊరడిల్లును. ఆ ఊరట నాకు రుచింపదు. మస్సెల్ స్లూ కాల్పులు జరిగిన 1880లోనే మన దేశపు క్షామవిచారణ సంఘము, ధాన్యము లేమికంటె దానిని కొనుటకు కూలి లేమియే ప్రజలను చంపుచున్నదని గుర్తించెను; పంజాబు గోధుమలు నౌకలనెక్కి ఇంగ్లండు చేరుచుండిన కాలమది. మస్సెల్ స్లూ రైతు పంట లేక చెడలేదు. పంటకును తనకును నడుమ నిలిచిన బలముచేత చెడెను. ఆ బలమును అక్కడ అంత నిశితముగా చూచిన కన్ను, సముద్రము దాటునప్పటికి దానిని మరచి, గింజనే దైవము చేసికొనెను.