ఒంటి సింహం

భోగాపురంలో మా ఇంటి అద్దాల బీరువాలో చాలాకాలం ఒక పింగాణీ సింహం ఉండేది. జానెడు ఎత్తు, పంజా కింద పిల్ల. మా తాత ‘రంగం’ నుంచి రేకుపెట్టెలో తెచ్చాడు. చిన్నప్పుడు దానిలో అందమే చూశాను. చరిత్ర చూడడం తర్వాత నేర్చుకున్నాను.

సింహం చైనా అడవుల్లో పుట్టిన జంతువు కాదు. ఆ రూపం అక్కడ స్థిరపడింది బౌద్ధంతో, మన దిక్కు నుంచే. అక్కడ అది గుమ్మానికి జంటగా కాపలా కాస్తుంది. బంతి మీద కాలు వేసినది మగది, పిల్లను పట్టుకున్నది ఆడది. ఫుకియన్ రాష్ట్రంలోని దెహువా పనివాళ్లు 17వ శతాబ్దంలో తెల్ల పింగాణీతో ఈ సింహాలు చేసి, పక్కన అగరువత్తి గుచ్చే గొట్టం అమర్చేవారు. యూరప్ వర్తకుల చేతుల్లో పడ్డాక గొట్టం మిగిలింది, పూజ పోయింది. దొరల గదుల్లో అది వట్టి బొమ్మ. ఒక వస్తువు ‘అలంకారం’ కావడమంటే దాని పని మరుపున పడడమే. చైనా పింగాణీని ఓడలకెత్తిన డచ్చి కంపెనీయే మా పక్క భీమిలిలో గుడ్డలు కొనేది. మన నేతగాడూ, ఆ కుమ్మరీ ఒకే ఖాతాలో రెండు పద్దులు.

పనితోపాటు పనివాడూ మరుగయ్యాడు. చైనాలో పింగాణీకి పెద్ద కేంద్రం జింగ్‌దెజెన్. ఒక్కొక్క పాత్ర డెబ్భై మంది చేతుల మీదుగా పోతుందని అక్కడి పని గురించి ఫ్రెంచి ఫాదరీ దాంత్రకోల్ 1712లో రాశాడు. గీత గీసేవాడొకడు, రంగు నింపేవాడు మరొకడు. ఆ డెబ్భై మంది పేర్లు ఏ బీరువాలోనూ లేవు.

ఇక కొన్న చెయ్యి. భీమిలి రేవు నుంచి మా పల్లెల జనం ఓడలెక్కి రంగూన్ పోయారు. 1931 జనాభా లెక్కల నాటికి ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసినవారిలో తెలుగువాళ్లు ఎక్కువ. 1930 మేలో వాళ్లు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మా పేదలను పనిలోకి దింపారు, రాజీ కుదరగానే వాళ్లను వెళ్లగొట్టారు. ఒకే కూటికి ఇద్దరు పేదలను పోటీ పెట్టిన ఫలితం నెత్తురు. వందకు పైగా భారతీయులు చచ్చిపోయారు. మా తాత ఆ రేవు కూలీల్లో ఒకడు.

మా సింహానికి జంట లేదు. తాత కూలిడబ్బుకు ఒక్కటే వచ్చింది. బంతి సింహం చీనావాడి కొట్లోనే ఉండిపోయింది.

కళాచరిత్ర పింగాణీ నునుపును వర్ణిస్తుంది. దాన్ని చేసిన చేతులనూ, దాన్ని కొన్న కూలి చేతులనూ కలిపి చెప్పనంతకాలం ఆ చరిత్రా ఒంటి సింహమే.