మందుల షాపులో చెప్పింది వినిపించకపోతే ఏం చేయాలి?

బహదూర్‌పల్లిలో ఓ మెడికల్ షాపు ముందు నిల్చున్నారనుకోండి. వెనక బండ్ల రొద, ఎదురుగా మాస్కు పెట్టుకున్న ఫార్మసిస్టు. 'రోజుకు రెండు' అన్నారా, 'రెండు రోజులకు ఒకటి' అన్నారా? మళ్లీ అడగడానికి మొహమాటపడి తలూపి వచ్చేస్తే, షుగర్, బీపీ మాత్రల విషయంలో అది ప్రాణం మీదకు రావచ్చు.

వివరించడం ఫార్మసిస్టు బాధ్యతేనా?

అవును. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల ప్రకారం మందు ఎలా వాడాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు రోగికి చెప్పాలి. మీకు అర్థమైతేనే చెప్పినట్టు.

చట్టం ఏమంటోంది?

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని సెక్షన్ 46, సేవలందించే ప్రైవేటు సంస్థలూ అందుబాటు నిబంధనలు పాటించాలంటోంది. ఈ నిబంధనలు సలహాలుగా మిగిలిపోకూడదని, కొన్ని ప్రమాణాలు తప్పనిసరి కావాలని 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన శామీర్‌పేటలోని నల్సార్ వర్సిటీయే.

కౌంటర్ దగ్గర ఏం అడగాలి?

• 'నాకు వినిపించదు, రాసి చూపించండి' అని ఫోన్‌లో ముందే టైప్ చేసి ఉంచుకోండి.

• ఎన్ని మాత్రలు, ఏ పూట, తిండికి ముందా తర్వాతా, ఎన్ని రోజులు.. ఈ నాలుగూ మందు కవర్‌పై రాయించుకోండి. చదవడం ఇబ్బందైతే సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేయమనండి.

• పెదవుల కదలికను మాత్రమే నమ్ముకోవద్దు. ప, బ, మ అక్షరాలు పెదవులపై ఒకేలా కనిపిస్తాయి.

• ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ 'లైవ్ ట్రాన్స్‌క్రైబ్' యాప్ తెలుగు మాటలను అక్షరాల్లో చూపిస్తుంది. మందుల పేర్లు, అంకెలు తప్పు పడొచ్చు కాబట్టి చీటీతో సరిచూసుకోండి.

• చివరగా, మీకు అర్థమైంది మీరే రాసి చూపించి 'ఇంతేనా?' అని అడగండి.

కార్డు ఉండాలా?

రాసిమ్మని అడగడానికి యూడీఐడీ కార్డు అక్కర్లేదు. వయసుతో వినికిడి తగ్గిన అమ్మానాన్నలూ అడగొచ్చు.

కాదంటే?

ముందు షాపు యజమానితో మాట్లాడండి. అయినా పట్టించుకోకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. తేదీ, బిల్లు కాపీ జతచేయండి. చట్టాన్ని ఉల్లంఘించినట్టు కోర్టులో రుజువైతే తొలిసారి రూ.10 వేల వరకు జరిమానా ఉంటుంది.