పరికరములకు సంఖ్యలు: ఒక పట్టిక చరిత్ర

కార్యాలయమునకు వచ్చిన కాగితమునకు స్థానమేర్పడునది ఫైలు సంఖ్య వలననే. సంఖ్య పడని కాగితము ఎంత ముఖ్యమైనదైనను బల్లల నడుమ తిరుగుచునే యుండును. ఒకే సంఖ్య రెండు ఫైళ్లకు పడినచో చిక్కు మరింత పెరుగును. కంప్యూటరు లోపల కూడ ఇట్టి సమస్యయే యొకటి కలదు. దాని పరిష్కారమునకు మూడు దశాబ్దములకు పైగా పట్టినది.

1969లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్ నందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆరంభించిరి. డిస్కును గాని, టేపును గాని, ప్రింటరును గాని సాధారణమైన ఫైలు వలెనే తెరచి వాడుకొనవచ్చుననునది అందలి ముఖ్యభావములలో నొకటి. అయితే అట్టి పరికరపు ఫైలులో విషయమేమియు నుండదు. రెండు సంఖ్యలు మాత్రమే యుండును. మొదటిది మేజర్ నంబరు: పనిని ఏ డ్రైవరునకు అప్పగింపవలెనో తెలుపును. రెండవది మైనర్ నంబరు: ఆ డ్రైవరు అధీనమున నున్న పరికరములలో ఏదియో తెలుపును. పేరు మనుష్యుల సౌకర్యమునకు. కెర్నెల్ నమ్మునది సంఖ్యను.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రచించిన లినక్స్ కెర్నెల్ ఈ పద్ధతినే అనుసరించెను. రెండు సంఖ్యలకును చెరి ఎనిమిది బిట్లు. అనగా ఒక్కొక్కదానికి 256 విలువలకు మించి తావు లేదు. ఆనాటి చిన్న యంత్రములకు అది సమృద్ధియే.

కాని లినక్స్‌నకు డ్రైవర్లు వ్రాయువారు లోకమంతటను ఉండిరి. ఇద్దరు ఒకే మేజర్ నంబరును ఎంచుకొన్నచో, వెనుక వచ్చిన డ్రైవరును కెర్నెల్ నమోదు చేసికొనదు. అందువలన ఏ సంఖ్య ఎవరిదో తెలుపు పట్టిక యొకటి అవసరమయ్యెను. 1990వ దశకమున హెచ్. పీటర్ అన్విన్ ఆ పట్టిక నిర్వహణ భారమును వహించెను. దాని వెనుక చట్టము లేదు, శిక్ష లేదు. పరస్పర విశ్వాసమొక్కటే ఆధారము.

క్రమముగా సంఖ్యలకు కరవు వచ్చెను. స్కజీ డిస్కులకు లభించిన మేజర్ నంబరు 8. ఒక్కొక్క డిస్కునకు, దాని భాగములతో కలిపి, 16 మైనర్ నంబర్లు కేటాయించిరి. కావున ఒక మేజర్ నంబరు క్రింద 16 డిస్కులే ఇముడును. 256 డిస్కులకు చోటు చూపుటకు 16 మేజర్ నంబర్లు వెచ్చింపవలసి వచ్చెను. 2001లో టోర్వాల్డ్స్ ఇకమీదట క్రొత్త సంఖ్యలు ఇయ్యవలదని నిలిపివేసెను. స్థిరసంఖ్యల పద్ధతియే మారవలెనని ఆయన యభిప్రాయము. డ్రైవర్లు సిద్ధము చేసి సంఖ్యకై వేచియున్నవారికి ఇది కష్టము కలిగించెను.

డ్రైవరు కోరినప్పుడు ఖాళీగా నున్న సంఖ్యను కెర్నెలే ఇచ్చు మార్గము అంతకు ముందే యుండెను. అందొక లోపము: యంత్రమును మరల ఆరంభించినప్పుడు ఆ సంఖ్య మారవచ్చును. పాత ఫైలు పాత సంఖ్యనే పట్టుకొనియుండును. అది వేరొక డ్రైవరు వాకిట నిలిచిన నిలువవచ్చును. పరికరముల ఫైళ్లను కెర్నెలే సృష్టించుటకై రిచర్డ్ గూచ్ రచించిన డెవ్‌ఎఫ్ఎస్ 2000లో చేరెను గాని, విమర్శలకు గురియై 2006లో తొలగింపబడెను.

2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్ రెండు మార్పులకు సాక్షి. మేజర్ నంబరునకు 12 బిట్లు, మైనర్ నంబరునకు 20 బిట్లు ఏర్పడెను. అనగా 4,096 మేజర్ నంబర్లు, ఒక్కొక్కదాని క్రింద 10,48,576 మైనర్ నంబర్లు. ఆ సంవత్సరముననే గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ యూడెవ్ అను కార్యక్రమమును ప్రవేశపెట్టెను. పరికరము తగిలింపగానే కెర్నెల్ దాని సంఖ్యను ప్రకటించును. ఆనాటి యూడెవ్ దానిని చదివి, నియమముల ననుసరించి ఫైలును కల్పించి పేరు పెట్టుచుండెను. సంఖ్య మారినను పేరు మారనక్కరలేదు.

పాత పట్టిక నేటికిని కెర్నెల్ పత్రములలో నున్నది. డిస్కునకు 8 అను సంఖ్య చెక్కుచెదరలేదు. సంఖ్యలను పెంచుట ఒక్కటే చాలినది కాదు. జ్ఞాపకముంచుకొనవలసిన భారమును మనుష్యునిపై నుండి దించుటయే నిజమైన పరిష్కారమైనది. అంతవరకు ఆ వ్యవస్థను నిలిపినది మాత్రము, ఒకరి సంఖ్యను మరియొకరు ఆక్రమింపరాదను మర్యాద.