ముప్పై మూడు పేజీల ఉత్తరం

1938లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం నుంచి బాల్టిమోర్‌లోని పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్‌కు 33 పేజీల టైపు ఉత్తరం అందింది. ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో న్యాయవాదిగా ఉన్న ఒక తండ్రి తన అయిదేళ్ల కొడుకు డొనాల్డ్ ట్రిప్లెట్ గురించి రాసిన ఉత్తరమది. ఇరవై మూడో కీర్తననూ, చర్చి ప్రశ్నోత్తరాల్లో 25 జవాబులనూ అప్పజెప్పగల ఆ పిల్లవాడు, పక్కన ఎవరున్నా పట్టించుకునేవాడు కాదు. అంతకుముందు అతన్ని ఇంటికి దూరంగా ఒక సంస్థలో ఉంచారు. సుమారు ఏడాదికి తల్లిదండ్రులే వెనక్కి తెచ్చుకున్నారు.

1943లో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ ఆటిజంపై ప్రచురించిన వ్యాసంలో మొదటివాడు డొనాల్డే. ఆటిజం వైద్యచరిత్ర ఒక తండ్రి శ్రద్ధగా రాసుకున్న వివరాలతో మొదలైందన్నమాట. విచారమేమిటంటే, ఉత్తరాన్ని మెచ్చుకుంటూనే కానర్ అందులోని వివరాల్లో మితిమీరిన పట్టింపును చూశాడు. ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కూడా రాశాడు. అక్కడి నుంచి నింద తల్లుల మీదికి మళ్లింది. 'రిఫ్రిజిరేటర్ తల్లులు' అన్న క్రూరమైన పేరు పుట్టింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకం ఆ నిందను మరింత గట్టిపరిచింది. రాత్రంతా నిద్రపోని బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లికి, నీ ప్రేమ చాలకే ఇలా అయిందని చెప్పడం కంటే అన్యాయం మరొకటి లేదు. తెలుగు ఇళ్లలో ఇదే నింద పూర్వజన్మ పాపమన్న రూపంలో వచ్చేది. బిడ్డకు మాటలు రావాలని మొక్కుకునే తల్లికి దేవుడి మీద నమ్మకమే ఊతం, కర్మ అన్న మాటే గాయం.

నిందను తిప్పికొట్టింది కూడా తల్లిదండ్రులే. 1962లో లండన్‌లో వాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. ఆటిజం ఉన్న కొడుకును పెంచుతున్న మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్, మూలం పెంపకంలో కాదు, శరీరంలో ఉందని 1964లో పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది ఇతర తల్లిదండ్రులతో కలిసి అమెరికాలో జాతీయ సంఘం స్థాపించాడు. 1969లో ఆ సంఘం సభలోనే కానర్ తల్లిదండ్రులను నిర్దోషులుగా ప్రకటించాడు. 1977లో ఫోల్‌స్టైన్, రటర్ 21 కవల జంటలపై చేసిన అధ్యయనం జన్యువుల పాత్రను చూపింది.

ఇక డొనాల్డ్ విషయానికొస్తే, చిన్నతనంలో అతన్ని కొన్నాళ్లు ఒక రైతు దంపతులు చూసుకున్నారు. కొలతల పిచ్చి ఉన్న అతనితో ఆ రైతు బావి తవ్వించి లోతు చెప్పమన్నాడు. మొక్కజొన్న సాళ్లు లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నాడు. తర్వాత డొనాల్డ్ డిగ్రీ చదివి, సొంత ఊరి బ్యాంకులో పనిచేసి, 2023లో 89 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

భారత్‌లో 1991లో ఢిల్లీలో ఒక తల్లి చొరవతో యాక్షన్ ఫర్ ఆటిజం మొదలైంది. 'మేం పోయాక వీణ్ణెవరు చూస్తారు?' అన్న తల్లిదండ్రుల దిగులుకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కొంత జవాబిచ్చింది. దాని ప్రకారం, పద్దెనిమిదేళ్లు దాటిన ఇలాంటివారికి చట్టబద్ధ సంరక్షకుణ్ణి జిల్లా కలెక్టర్ నాయకత్వంలోని స్థానిక కమిటీ నియమిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా చేరింది.